ఒకటేనా?

హెల్వె కొయివ్ జీవితమంతా పోగుచేసిన సూచిక
చిటికెనవేలంత పెన్‌డ్రైవ్‌లో వచ్చింది.
వాళ్ల అక్క పంపింది, రై రొట్టె కట్టిన కాగితంలోనే చుట్టి.
చీటీ లేదు. కాగితానికి ఇంకా షాజీర వాసన.

తార్తూలో డిసెంబరంటే
మధ్యాహ్నం మూడున్నరకే కిటికీలో నా ముఖం నాకే కనపడుతుంది.
నది పక్క దారిలో ఉప్పు చల్లే బండి
పసుపు దీపం తిప్పుకుంటూ పోయింది.

నా ప్రశ్న చిన్నదే:
అడవిలో గోమారి కుట్టి మెదడుకెక్కే జ్వరాన్ని
అరవై దాటినవాళ్లలో టీకా ఎన్నేళ్లు ఆపుతుంది?
జవాబు కోసం లోకంలో రాసినవన్నీ చదవాలి.
అన్నీ అంటే అన్నీ. నచ్చినవి కాదు.
ఈ పనికున్న నీతి అదొక్కటే.

ఫైలు చూపించమంది సాఫ్ట్‌వేర్. చూపించాను.
ఏ రూపంలో ఉందంది. చెప్పాను.
నీలం గీత ఒకటి నత్తలా బయల్దేరి
తొంభైమూడు దగ్గర కూలబడి,
నేను కాఫీ తెచ్చుకునేసరికి
ఏమీ ఎరగనట్టు నిండిపోయి ఉంది.
నాలుగువేల మూడువందల పన్నెండు వచ్చాయి.
పందొమ్మిది రాలేదు.
ఎందుకు రాలేదో చెప్పే అలవాటు దానికి లేదు.

వచ్చినవైనా కాళ్లూ చేతులూ సరిగ్గా ఉండి రాలేదు.
మా భాషలో ఒక అచ్చుంది,
నెత్తిన చిన్న అల పెట్టుకుని తిరుగుతుంది.
గట్టు దాటేటప్పుడు ఎవరో దాన్ని ఊడబెరికి
ఆ చోట ప్రశ్నార్థకం గుచ్చారు.
కొయివ్ అంటే మా దక్షిణాది యాసలో బిర్చి చెట్టు.
తెర మీద పదకొండు వరుసల్లో
బిర్చి చెట్టు నడుం దగ్గర విరిగి ఉంది.

ఆ తర్వాత నకళ్ల వేట.
"ఈ రెండూ ఒకటేనా?" అని అడుగుతుంది,
పక్కపక్కన నిలబెట్టి, కవలల తల్లిని అడిగినట్టు.
ఒకటే. ఒకటే. ఒకటే.
చీకటి ముదిరేసరికి నా చూపుడువేలు
నాకంటే ముందే జవాబు చెబుతోంది.

ఎనిమిదొందల చిల్లర దగ్గర ఆగింది వేలు.
ఒకే పేరు, ఒకే ఏడు, డెబ్భై ఎనిమిది.
ఒకటి రష్యన్‌లో, ఒకటి మా భాషలో.
రష్యన్ దాంట్లో మనుషులు నలభై ఒకరు.
మా దాంట్లో నలభై ఇద్దరు.

"అచ్చుతప్పు, కలిపేయ్," అన్నాడు ఉర్మస్, కోటు తొడుక్కుంటూ.
"ఒక్క మనిషికి సగటు కదలదు."

దిగుమతి పేజీకి వెనక్కెళ్లాను.
అట్టడుగున, బూడిదరంగు అక్షరాల్లో ఒక గడి:
సొంత వ్యాఖ్యలు కూడా తీసుకురావాలా?
ఖాళీగా ఉంది. ఉదయం నేనే చూడకుండా దాటాను.
రోజంతా ఏరింది చెరిపేసి
టిక్కు పెట్టి, మళ్లీ మొదటినుంచి.

ఈసారి హెల్వె కూడా వచ్చింది.
"మూడో పట్టికలో కూడిక తప్పు."
"ఈయనకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను."
"ఇది చదువుతుంటే పొయ్యి ఆరిపోయింది, చూసుకోలేదు."
నలభై ఇద్దరి దగ్గర మాత్రం కాస్త పొడుగ్గా:
"నలభై రెండో మనిషి వొర్త్స్‌యార్వ్ సరస్సులో చేపలు పట్టేవాడు.
టీకా వేసింది నేనే.
గోమారి కుట్టింది మేలో, పోయింది జూన్‌లో.
రష్యన్ ప్రతికి ఆయన పనికిరాలేదు."

నియమం నాకు తెలుసు.
అధ్యయనం ఒకటి, నివేదికలు రెండు:
ముడి వేయాలి, రెండుసార్లు లెక్కపెట్టకూడదు.
ముడి వేశాను.
సంఖ్య గడిలో నలభై రెండు అని కొట్టాను.
సగటు కదిలింది, ఉర్మస్,
మూడో దశాంశంలో,
చలికి ఎవరో భుజం కదిపినంత.

ఆ పందొమ్మిదీ మిగిలాయి.
రేపు చేత్తో కొట్టాలి, ఒక్కొక్కటే,
ఆ అచ్చు నెత్తిన అల మరిచిపోకుండా.
రొట్టె కాగితం పారేయలేదు, మడిచి సొరుగులో పెట్టాను.
బయట ఉప్పు బండి ఇంకా తిరుగుతూనే ఉంది.